ఎంగిలి ఏనుగు

మా వీధి చివర టైలర్ మాస్టరు గారి కొట్లో, మిషను కింద ఎప్పుడూ ఒక గోనెసంచి నోరు తెరుచుకుని ఉంటుంది. జాకెట్ల కత్తిరింపుల్లో రాలినవన్నీ అందులోకే పోతాయి. మెడల్లోంచి తీసేసిన అర్ధచంద్రాలు, చంకల దగ్గరి మూడుమూలల ముక్కలు, లైనింగు అంచులు, ఎవరిదో పట్టుచీర జాకెట్టులో మిగిలిన బెత్తెడు పీలిక. సంచి నిండగానే పక్కనున్న మెకానిక్ షాపు కుర్రాడొచ్చి చేతులు తుడుచుకోడానికి మోసుకుపోతాడు.

"ఏనుగు కుట్టాలి మాస్టరు గారూ, ముక్కలేమైనా ఇస్తారా?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎంత ఏనుగమ్మా?"

"జానెడు."

"అయితే పట్టుకెళ్లండి. అంతకన్నా పెద్దదైతే మెకానిక్ ఊరుకోడు."

మా చెల్లెలు పురిటికొచ్చి విజయవాడలో మా ఇంట్లోనే ఉంది. దాని కూతురికి అప్పటికి మూడు నెలలు నిండి నాలుగోది నడుస్తోంది. నీలం మంగళగిరి ముక్కతో ఒళ్లు, జరీ అంచుతో చెవులు, ముత్యాల్లా మెరిసే రెండు గుండీలతో కళ్లు, మెడలో శాటిన్ రిబ్బను, రిబ్బనుకి చిన్న మువ్వ. రెండు రోజులు కూర్చుని కుట్టాను. ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెడితే మెచ్చుకోళ్లు వెల్లువెత్తాయి. అమ్మ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మారుమాట్లాడకుండా ఏనుగు చెవిని నోట్లో పెట్టుకుంది.

"ఏంటమ్మా!"

"పాప చేసేది ఇదేగా," అని చెవి బయటికి తీసింది. "జరీ గుచ్చుతోందే." కొంగుతో పెదవి తుడుచుకుంటే కొంగుకి నీలం అంటింది.

నెలల పిల్లకి గుడ్డబొమ్మ కుట్టడం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ నీలం మరకతోనే మొదలైంది. మనం బొమ్మని కంటికి కుడతాం. దాన్ని వాడేది నోరు.

నాలుకతో చూసే వయసు

అప్పుడే పుట్టిన బిడ్డకి ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరం వరకే కొంత తేటగా కనిపిస్తుంది. ఒళ్లో పడుకున్న బిడ్డకి తల్లి ముఖం ఉండే దూరం అది. ఆ రోజుల్లో లేత గులాబీ, లేత పసుపు లాంటి ముద్దు రంగుల కన్నా నలుపు తెలుపుల గళ్లు, మందపాటి చారలు బాగా ఆనతాయి. మూడు నాలుగు నెలలకి చెయ్యి వస్తువు కోసం చాస్తుంది. చెయ్యి పట్టుకున్నది నోటికి పోతుంది. పెదవుల మీద, నాలుక మీద స్పర్శ తెలిసే నాడులు దట్టంగా ఉంటాయి కాబట్టి వస్తువు మెత్తనా, గరుకా, చల్లనా, వెచ్చనా అన్న లెక్కలన్నీ ఆ వయసులో అక్కడే తేలతాయి. తిట్టి మాన్పించే అలవాటు కాదది, వాళ్ల చదువు.

అది ఒప్పుకున్నాక కుట్టుపని లెక్కలన్నీ మారిపోయాయి. ఏనుగు అందంగా ఉందా అన్న ప్రశ్న పక్కకు పోయి, ఈ కాలు ఆ గుప్పిట్లో పడుతుందా అన్నది ముందుకొచ్చింది. నా మొదటి ఏనుగు కాళ్లు రోకళ్లలా ఉన్నాయి. చంటిపిల్ల గుప్పిట చుట్టుకోవాలంటే కాలైనా తొండమైనా మన బొటనవేలంత లావుకి మించకూడదు.

పాత గుడ్డకి పెద్దపీట

పురిటిబిడ్డకి కొత్త బట్ట వెంటనే వేయకూడదని మా ఇళ్లలో పట్టింపు. పొత్తిగుడ్డలకి తాతయ్య పంచెలు, ఉయ్యాలకి అమ్మమ్మ నేతచీర. పుట్టిన పిల్లకి కొత్త బట్ట కొనలేరా అని చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది. వందసార్లు ఉతికిన నూలు ఏం చేస్తుందో ఏనుగు కుట్టాక అర్థమైంది. నేతలో పెట్టిన గంజి ఎప్పుడో పోయింది. ఊడిపోవాల్సిన రంగు ఊడిపోయింది. గరుకుగా లేచే పోగులన్నీ అరిగి పడుకున్నాయి. నోటికి తగలాల్సిన గుడ్డ అంటే అదే.

అందుకే దర్జీ సంచిలో దొరికిన ముక్కలన్నీ బొమ్మకి పనికిరావు. టూ బై టూ రూబియా, పాప్లిన్, నేతనూలు ముక్కలు వేరు చేసి, జార్జెట్టు, నెట్టు, జరీ, చమ్కీల పని ఉన్నవి తిరిగి మెకానిక్‌కే ఇచ్చేశాను (జార్జెట్టు గ్రీజు పీల్చదని ఆయన గొణిగాడు). పట్టు చూడ్డానికి బాగుంటుంది, లాలాజలం తగిలితే మరకలు కడుతుంది, ఉతుకులకి ఆగదు.

మిగిలినవాటికి అమ్మ పరీక్ష పెట్టింది. ముక్కని గోరువెచ్చటి నీళ్లతో తడిపి, తెల్లటి పాత పంచె మధ్య పెట్టి గట్టిగా ఒత్తి రుద్దడం. పంచెకి రంగంటితే ఆ ముక్క మళ్లీ బకెట్లోకి. పెడన అద్దకం కలంకారీ ముక్క ఒకటి మూడు ఉతుకులకి గానీ నీళ్లు తేట కాలేదు. సహజ రంగు కదా, పరవాలేదనుకుంటాం. చెట్టునుంచి వచ్చినంత మాత్రాన ప్రతిదీ పిల్ల నోట్లో పెట్టదగింది కాదు, రంగు పట్టడానికి వాడిన పటికా ఉంటుంది, ఇనుమూ ఉంటుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం ముక్కల్ని చివరికి నేను ఏనుగు వీపు మీద కప్పే జూలుగుడ్డలా వేశాను. వీపు నోటికి అందడం కష్టం. అది నా లెక్క. పాప లెక్క వేరేగా తేలిందనుకోండి.

కత్తిరించకముందే ఉతకడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త నూలు ముడుచుకుంటుంది, పాతది ముడుచుకోదు. రెండూ కలిపి కుట్టి తర్వాత ఉతికితే ఒకవైపు లాక్కుపోయి, ఏనుక్కి పక్షవాతం వచ్చినట్టుంటుంది.

గీంగెన్ ఊరి దర్జీ పిల్ల

గుడ్డబొమ్మ మీద కన్నేసింది మనమే మొదట కాదు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఈజిప్టు రోమన్ల ఏలుబడిలో ఉన్నప్పటి గుడ్డబొమ్మ ఒకటుంది. ముతక నార గుడ్డతో కుట్టి, లోపల చింకిపాతలూ పపైరస్ ముక్కలూ కూరారు. దాని తల పక్కన ఒక గాజుపూస. అంటే ఆ నైలు ఒడ్డు తల్లి కూడా నాలాగే అందానికి లొంగిపోయి, నోట్లోకి పోయే పూసని కుట్టేసింది!

ఇప్పుడు లోకమంతా అమ్ముడుపోయే మెత్తటి బొమ్మల కథ అచ్చంగా ఏనుగుతోనే మొదలవుతుంది. మార్గరెట్ స్టైఫ్ 1847లో జర్మనీలోని గీంగెన్ అనే ఊళ్లో పుట్టింది. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి, కుడి చెయ్యి బలహీనపడింది. చక్రాల కుర్చీలోనే పెరిగి, కుట్టు నేర్చుకుంది. కుట్టుమిషను చక్రం కుడిచేత్తో తిప్పలేక మిషన్నే తిరగేసి ఎడమచేత్తో తిప్పిందంటారు. ఉన్నిని ఒత్తి చేసే ఫెల్ట్ గుడ్డతో బట్టలు కుట్టి అమ్ముతూ, ఒక ఫ్యాషన్ పత్రికలో చూసిన నమూనాతో 1880లో చిన్న ఏనుగుని కుట్టింది. అది బొమ్మ కాదు, గుండుసూదులు గుచ్చుకునే దిండు. స్నేహితులకి కానుకగా ఇస్తే వాళ్ల పిల్లలు లాక్కుని ఆడుకున్నారు. ఆరేళ్లలో ఐదువేలకు పైగా ఏనుగులు అమ్ముడుపోయాయి. ఆమె మేనల్లుడు రిచర్డ్ 1902లో రూపు దిద్దిన ఎలుగుబంటి తర్వాతి మాట. అదే ఏడాది అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, కట్టేసి ఉన్న ఎలుగుని కాల్చనన్నాడు. ఆ సంగతి మీద వచ్చిన కార్టూను చూసి బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడుపుకునే మిక్టమ్ దంపతులు ఒక గుడ్డ ఎలుగుని కుట్టారు. 'టెడ్డీ' పేరు అలా వచ్చింది.

నాకు మాత్రం ఎలుగు కన్నా ఆ సూదుల దిండే ఇష్టం. పెద్దవాళ్లు ఒకదానికి చేస్తే పిల్లలు మరొకదానికి వాడుకున్నారు. మా ఇంట్లోనూ అదే జరిగింది.

రెండూ ఎడమ పక్కలే

రెండో ఏనుక్కి న్యూస్‌పేపర్ మీద బొమ్మ గీసి కత్తిరించాను. పక్కనుంచి చూసినట్టు ఒకటే ఆకారం, నాలుగు కాళ్లకి బదులు రెండు లావు కాళ్లు, పైకి వంగిన తొండం. ముక్కల మీద పెట్టి సుద్దతో గీసుకుని రెండు పక్కలూ కత్తిరించాక చూస్తే రెండూ ఎడమ పక్కలే. అద్దకం గుడ్డకి తిరగా బోర్లా ఉంటుంది కదా, రెండోసారి కాగితాన్ని తిరగేసి పెట్టాలి. ముక్కలు పిసరంతే ఉన్నప్పుడు ఇలాంటి పొరపాటు చాలా ఖరీదు. ఆ పక్కని వదిలేసి పోచంపల్లి ఇక్కత్ ముక్క తీశాను. అందులో నేయకముందే పోగులకి రంగు వేస్తారు కాబట్టి రెండువైపులా ఒకేలా ఉంటుంది, తిరగా బోర్లా పేచీ లేదు. చివరికి మా ఏనుగు కుడి పక్క పోచంపల్లి, ఎడమ పక్క పెడన.

పడుగు నిలువుగా ఉండేలా ముక్కని పెట్టుకోవాలి. క్రాసులో కత్తిరిస్తే దూది కూరగానే గుడ్డ సాగి పొట్ట జారిపోతుంది. చెవులకీ తోకకీ మాత్రం క్రాసు బాగుంటుంది, పీకినా లాగినా సాగి ఊరుకుంటాయి. ముందు కాగితమంత కొలతకి గీసి, చుట్టూ పావు అంగుళం కుట్టుకి వదలాలి. చెవులూ తోకా ముందే తయారు చేసి, రెండు పక్కల మధ్య లోపలివైపుకి పెట్టి టాకాలు వేసుకోవాలి. వాటి మొదళ్లు కుట్టులో ఇరుక్కుంటే పిల్ల ఎంత పీకినా రావు. పైనుంచి అతికించి కుట్టినవి వారంలో ఊడతాయి. నా మొదటి ఏనుగు చెవి అలాగే ఊడింది.

పల్చటి నూలుకి పదకొండో నంబరు సూది చాలు, మందపాటి నేతకి పద్నాలుగు. కుట్టు చిన్నదిగా పెట్టి, ఒక చుట్టు అయ్యాక దాని మీదే రెండో చుట్టు. దారం పాలియెస్టర్. ఇక్కడ నూలు మీద ప్రేమ పక్కన పెట్టాలి. రోజూ తడిసే చోట నూలుదారం చివికిపోతుంది, కుట్టు విడితే దూది నోట్లోకి పోతుంది. పొట్ట కింద రెండు వేళ్లు పట్టేంత సందు వదిలి, వంపులున్న చోటల్లా కుట్టు దాకా రాకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి, తిరగెయ్యాలి. గాట్లు పెట్టకపోతే తొండం వంపు తిరగదు, ముడతలు పడి జబ్బు చేసిన మునక్కాయలా ఉంటుంది. తొండాన్ని తిరగెయ్యడానికి నేను అట్లకాడ నుంచి స్ట్రా దాకా అన్నీ వాడాను. చివరికి పెన్సిలు మొద్దువైపు పని చేసింది.

పిన్నుల గురించి ఒక మాట. పది పెట్టానని లెక్క, తీస్తే తొమ్మిదే ఉన్నాయి. రాత్రి పదకొండింటికి కుట్టంతా విప్పి, దూదంతా బయటికి లాగి, అమ్మా చెల్లీ నేనూ నేలమీద కూర్చుని వెతికాం. ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం తెచ్చి ఏనుగంతా నిమిరాం. పదో పిన్ను నా కొంగుకే ఉంది. ఆ రాత్రి నుంచి పిన్నులు మానేసి టాకాలే.

లోపల ఏం కూరాలన్నదాని మీద మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. అమ్మది బూరుగు దూది పక్షం. తేలిగ్గా, చల్లగా ఉంటుందని. బూరుగు పీచు నున్నగా ఉండి నీటిని అంత తేలిగ్గా పట్టదు, దిండ్లకి అందుకే పేరు. కానీ కొంచెం కుట్టు విడితే చాలు, ఇల్లంతా ఎగురుతుంది, ముక్కుల్లోకి పోతుంది. మామూలు దూది తడిస్తే ఉండలు కట్టి, మన కృష్ణా తీరపు ఉక్కలో లోపల ఆరక ముక్కిపోతుంది. కత్తిరింపుల్ని ఇంకా సన్నగా తరిగి కూరితే ముక్కలన్నీ చెల్లిపోతాయి గానీ ఏనుగు ఇటుకలా తయారవుతుంది. పాలియెస్టర్ దూది తొందరగా ఆరుతుంది, ఆకారం చెడదు. అది ప్లాస్టిక్కే, పైన చేనేత కప్పి లోపల ప్లాస్టిక్ కూరడం నాకు ఇంకా మింగుడుపడలేదు. అయినా అదే కూరాను. వారానికి రెండుసార్లు ఉతికి ఎండలో ఆరెయ్యలేని బొమ్మ నోటి బొమ్మ కాదు.

చప్పుడు కోసం ఆవాలు, బఠాణీలు పొయ్యమని సలహాలొచ్చాయి. తడిస్తే అవి ఉబ్బుతాయి, మొలకెత్తుతాయి, కుట్టు విడితే గొంతులోకి పోతాయి. మా ఏనుగు మౌనవ్రతం.

కళ్లు, మువ్వ, రిబ్బను

మొదటి ఏనుగు గుండీ కళ్లని కత్తెర పెట్టి తీసేశాం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడొచ్చే చిన్న భాగం ఉండకూడదన్నది చాలా దేశాల్లో ఉన్న నియమం. దాని కొలతకి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టాన్ని వాడతారు, అందులో పట్టేసేది పిల్ల గొంతుకి ప్రమాదం. పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. మన ఇంట్లో ఉన్న గుండీలన్నీ అందులో పట్టేసేవే. కాబట్టి కళ్లు దారంతో కుట్టినవే ఉండాలి. గొలుసుకుట్టుతో ఒక చుట్ట, లేదా నిద్రపోతున్నట్టు కాడకుట్టుతో ఒక గీత. రిబ్బను, మువ్వ తీసేశాం. తాడు లాంటిది ఏదైనా బెత్తెడుకి మించి వేలాడకూడదని నాకు నేను పెట్టుకున్న హద్దు.

కళ్లు కుట్టడం అయ్యాక అమ్మ నల్లదారం అందుకుని ఏనుగు బుగ్గ మీద చిన్న చుక్క కుట్టింది. దిష్టిచుక్క. "పిల్లకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎలా?" అంది.

నిద్ర సంగతి ఒక్కటి మాత్రం నేను ఎవరి మొహమాటానికీ పోకుండా చెప్తాను. ఏడాది నిండనివాళ్లు పడుకున్నప్పుడు పక్కలో బొమ్మగానీ దిండుగానీ ఉండకూడదని, వెల్లకిలా చదునైన పక్క మీద పడుకోబెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మెత్తటిది ముక్కు మీద పడితే తోసేసే బలం ఆ వయసులో ఉండదు. ఉయ్యాల నిండా బొమ్మలు పేర్చి ఫొటో దిగే మన సరదా, తలకి ఆవాల దిండు పెట్టే అలవాటు, రెండూ దీనికి అడ్డంగా ఉన్నాయి. మా ఏనుగు పగటి ఉద్యోగి. పాప కళ్లు మూతపడగానే గూట్లోకి.

అమ్మే దారి వేరు

ఫొటోలు చూసినవాళ్లు ఆర్డర్లు తీసుకోమన్నారు. ఆ దారి వేరు. దేశంలో అమ్మే బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నాణ్యతా ముద్ర 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. కేంద్ర హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి మినహాయింపు ఉంది. సొంత పిల్లకి ఏదో రకం దారం వాడితే మన తంటా మనం పడతాం, అమ్మితే లెక్క చెప్పాలి.

పీలికలు ఆసరాగా నిలిచిన ఊళ్లూ ఉన్నాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లోని ఉపాసన డిజైన్ స్టూడియో, మత్స్యకార స్త్రీలకి మిగులు గుడ్డముక్కలతో వేలెడంత బొమ్మలు చెయ్యడం నేర్పింది. సునామిక అని పేరు. వాటికి ధర లేదు, కానుకగానే ఇస్తారు. కేరళలో 2018 వరదల్లో చేందమంగలం నేతగాళ్ల ఓణం చీరలు బురదపాలైతే, వాటిని శుభ్రం చేసి 'చేకుట్టి' బొమ్మలు కుట్టారు. ఒక్క చీరలో మూడువందల అరవై బొమ్మలు, ఒక్కోటి అప్పట్లో పాతిక రూపాయలు. నా బ్యాగుకి ఒక చేకుట్టి వేలాడుతోంది. మరకలతోనే ఉంటుంది. అది పెద్దవాళ్ల బొమ్మ, చంటిపిల్ల చేతికి ఇవ్వను.

జంట ఏనుగు ఎందుకు

బొమ్మ మీద మమకారం పిల్లలకే కాదు. పాడి ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేవారు: దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెడితే, దాన్ని నాకుతూ పాలు చేపేదట. అమెరికాలో హ్యారీ హార్లో 1950లలో కోతిపిల్లలతో దీన్ని తిరగేసి చూశాడు. పాలిచ్చే తీగల తల్లి ఒకటి, పాలివ్వని గుడ్డ తల్లి ఒకటి. పిల్లలు పాలు తాగేంతసేపు తీగల దగ్గర ఉండి, మిగిలిన పొద్దంతా గుడ్డని కరుచుకున్నాయి. తల్లినుంచి వేరుచేసిన ఆ కూనల మీద జరిగింది తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది, తేలింది మాత్రం కాదనలేం.

ఇంగ్లండులో డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల వైద్యుడు 1951లో పిల్లలు పట్టుకు వదలని ఇలాంటి గుడ్డపీలికల మీదే ఒక ప్రసంగం చేశాడు. బిడ్డ ఎంచుకున్న ఆ ఒక్క వస్తువు మురికి పట్టినా కంపుకొట్టినా తల్లులు ఉతకరని, ఉతికితే బిడ్డకి ఏదో తెగిపోతుందని వాళ్లకి తెలుసని గమనించాడు. ఇక్కడే నాకు చిక్కొచ్చింది. ఎంగిలి బొమ్మని ఉతక్క తప్పదు. ఉతికితే వాసన పోతుంది, ఆరేదాకా ఏడుపు. అందరూ చెప్పే ఉపాయం రెండు కొనిపెట్టుకోమని. కొనేవాళ్లకి బాగానే ఉంటుంది, షాపులో అదే మళ్లీ దొరుకుతుంది. పీలికలతో కుట్టేవాళ్లకి ఆ గుడ్డ మళ్లీ పుట్టదు. మాస్టరు గారి సంచిలో ఆ నెల వచ్చిన ముక్క వచ్చే నెల రాదు. అందుకని కుట్టేటప్పుడే జంటగా కుట్టాలి. అదే పోచంపల్లి, అదే పెడన, రెండు దిష్టిచుక్కలు. నేను అలాగే చేశాను.

ఐదో నెల చివర్లో పాప ఏనుగుని పూర్తిగా స్వాధీనం చేసుకుంది. ముఖం వైపు కన్నెత్తి చూడలేదు. చెవులు దానికి అక్కర్లేదు. తొండం కోసం నేను పెన్సిలుతో పడ్డ పాట్లన్నీ వృథా. తోక కోసం పాత నేతచీర అంచు పీలికని మడిచి కుట్టాను చూశారా, అది మాత్రం కావాలి. వేలికి చుట్టుకుని, రెండో వేలితో రుద్దుతూ, కొస చప్పరిస్తూ ఉంటుంది. అప్పుడప్పుడు ఏనుగుని తలకిందులు చేసి, నేను దాచిపెట్టిన వీపు మీది ఎర్ర జూలుని కూడా రుచి చూస్తుంది.

ఏడో నెలలో ఒకరోజు పాప ఏనుగు ఆరడానికి తీగ మీద ఉంటే, బీరువాలోంచి దాని జంటని తీసి ఇచ్చాం. పాప తోక పట్టుకుంది. నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగి, దాన్ని మంచం కిందకి విసిరేసి, తీగ మీదున్న దానికేసి చూసి ఏడుపు లంకించుకుంది. ఒకే గుడ్డ, ఒకే కొలత. జంటది బీరువాలో కొత్తగా, గట్టిగా, ఎవరి ఎంగిలీ లేకుండా ఉండిపోయింది మరి.

"నేను చూసుకుంటాలే," అంది అమ్మ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ బకెట్టు బట్టలు నానబెట్టినా వాటితోపాటు జంట ఏనుగు కూడా నానుతోంది. దుప్పట్లతో, నాన్న లుంగీలతో, వంటింటి మసిగుడ్డలతో కూడా. మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చినప్పుడు చెంప కింద పెట్టుకుని పడుకుంటుంది. నిన్న దగ్గరికెళ్లి చూశాను. రంగు బాగానే దిగింది. తోక ఇంకా గట్టిగా ఉందని, ఇంకో పది ఉతుకులు కావాలని అమ్మ అంటోంది.